మంద కట్టిన నల్లచేను

ఈ ఉదయం మా సోలార్ ప్లాంటు గేటు దగ్గర ఒక గొర్రెల మందను ఆపేశాను. పలకల వరసల మధ్య గడ్డి మోకాలెత్తు పెరిగింది, యంత్రంతో కోయిస్తే రాళ్ళు ఎగిరి పలకలు పగులుతున్నాయి, అందుకని గొర్రెలను వదిలితే గడ్డీ పోతుంది, వాటి కడుపూ నిండుతుంది అని పైవాళ్ళు అనుకున్నారు, ఆ ఆలోచనలో తప్పేమీ లేదు. కాపరి తలకు తువ్వాలు చుట్టుకుని గేటు ఎప్పుడు తెరుస్తానా అని నిలబడ్డాడు. నేనేమో తాళంచెవి చేతిలో తిప్పుతూ, ఈ గొర్రెలు నిన్న ఎక్కడ మేశాయి, మొన్న ఎక్కడ మేశాయి, రోడ్డు పక్కన తుమ్మకాయలు ఏరుకుని తిన్నాయా అని ఒకదాని వెనక ఒకటి అడగడం మొదలుపెట్టాను. అతను కాసేపు విని, "ఏం సామీ, గొర్రెలకు కూడా ఇంటర్వ్యూ పెడతారా మీ కంపెనీలో?" అని తమిళంలో అన్నాడు. నవ్వొచ్చింది గానీ గేటు తెరవలేదు. ఎందుకు తెరవలేదో చెప్పాలంటే కోవిల్‌పట్టి కమ్యూనిటీ కాలేజీ మేడమెట్ల దగ్గరికి వెనక్కి వెళ్ళాలి.

నా వయసు వాళ్ళకు అప్పటి అస్థిమితం గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఎలక్ట్రికల్ డిప్లొమా చేతికొచ్చింది, విరుదునగర్‌లో పప్పు మిల్లుల మోటార్లు బాగుచేసే పని దొరికింది, వేళకు తిండి, నిద్ర అన్నీ ఉన్నాయి, అయినా సరిగ్గా బిగించని బోల్టు ఒకటి లోపల కదులుతూనే ఉండేది. మోటారు పాడైతే కారణాలు వరసగా రాసుకుని ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోతే చివరికి ఒకటి మిగులుతుంది, అదే జబ్బు. ఊళ్ళో నేల, నీళ్ళు, వాన, వీటి సంగతి మాత్రం ఎన్ని కారణాలు రాసినా ఒక్కటీ కొట్టేయడానికి వీలయ్యేది కాదు. పర్యావరణ సమస్యలను అన్ని శాస్త్రాల వైపు నుంచీ చదివించే కోర్సు ఒకటి శనాదివారాల్లో నడుస్తోందని తెలిసి, ఆ వారమే సాత్తూరు మీదుగా బస్సెక్కాను.

కాలేజీ అంటే ఒక పాత మేడ మీది మూడు గదులు. కింద వేరుసెనగ మిఠాయి వండే పొయ్యి ఉండేది, బెల్లం పాకం వాసన మెట్లెక్కి మాతో పాటే క్లాసులోకి వచ్చేది. మట్టి సంగతి చెప్పడానికి ఒక సారు, మొక్కల సంగతికి ఒక మేడం, చట్టానికి ఒకరు, పల్లెల ఆదాయవ్యయాలకు ఒకరు. చదివేవాళ్ళం కూడా అలాగే కలగూరగంపగా ఉండేవాళ్ళం. వత్రాప్ నుంచి వచ్చే మామిడితోట రైతు ఒకాయన, శివకాశి అచ్చాఫీసులో పనిచేసే ఒక అక్క, నాలాంటి పానా చేతివాళ్ళు కొందరు. ఆ అక్కదీ మాలాగే ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబం కాబట్టి టీ వేళకు మేమిద్దరం తెలుగులోకి దిగిపోయేవాళ్ళం. అప్పటికి నాకు తెలుగు మాటే తప్ప అక్షరం రాదు, ఇవన్నీ తర్వాత నేర్చుకున్న అక్షరాలు.

కోర్సు చివర ప్రతివాళ్ళూ సొంత ఊరి సమస్య ఒకటి ఎంచుకుని, చదివిన శాస్త్రాలన్నిటితోనూ దాన్ని పరిష్కరించి చూపాలి. నాకు వెతుక్కునే పని లేకపోయింది. పుదూరు దగ్గర మా కరిసల్ నేల, అంటే వానే ఆధారంగా ఉన్న నల్లరేగడి, ఏళ్ళుగా బీడు పడి సీమతుమ్మ కమ్ముకుని ఉంది. సరిగ్గా అప్పుడే సోలార్ కంపెనీ మనిషి ఊళ్ళోకి వచ్చి భూములు దీర్ఘకాలం కౌలుకు అడుగుతున్నాడు. ఇచ్చేద్దామని చిన్నాయన, చూద్దామని నాయన, ఇద్దరి మధ్యా అవ్వ. నేను ముల్లు తీయించి పంట పెడతానన్న రోజు చిన్నాయన అరుగు మీద కూర్చుని, "ముల్లు పీకేదానికి కూడా పడిప్పు వచ్చిందా డా? మేమంతా పడిక్కకుండానే గుచ్చుకుంటిమి గదా!" అని నా చదువును ఊరందరికీ వినబడేలా మెచ్చుకున్నాడు. అవ్వ మాత్రం వక్క నములుతూ తీర్పు చెప్పింది. "ఒక్క వెళ్ళామ చూస్తాము. పండితే బూమి మనది. పండకుంటే వాళ్ళకియ్యండి, నేను నోరు తెరవను." వెళ్ళామ అంటే మా మాటలో పంట. అలా ఒక్క పంట మీద ఆ చేను నిలిచింది.

ఆ ఎండాకాలమంతా నేను ఒకచోట కూర్చున్న గుర్తు లేదు. పొక్లెయిన్ తెచ్చి తుమ్మను వేళ్ళతో సహా లేపించాం, కట్టె అంతా బొగ్గు కాల్చేవాళ్ళు పట్టుకుపోయారు, గుంతలు పూడ్చి రెండు సార్లు దున్నించాం. నేలలో మిగిలిన పాత గింజలు కొన్ని మొలుస్తాయని తెలుసు, వాటిని చిన్నప్పుడే పీకేయాలని పథకంలో రాసుకున్నాను. ఇక ఎరువు. మా కరిసల్ ఊళ్ళలో విత్తే ముందు చేనులో గొర్రెల మంద కట్టించడం ఆచారం, దాన్నే కిడ వేయడం అంటాం. పగలంతా బయట మేసి వచ్చిన గొర్రెలను రాత్రికి చేనులో దడి లోపల పడుకోబెడతారు, మర్నాడు దడి పక్కకు జరుపుతారు, అలా చేనంతా పెంటతో, మూత్రంతో తడుస్తుంది. "కిడ వెయ్యకుండా విత్తనం పెట్టినోడు మన ఇంట్లో ఎవడుండాడు?" అన్నాడు నాయన. అవ్వ సరేనంది. రసాయనం లేని ఎరువు, ఊరి ఆచారం, కాపరికి జీవనం, అన్నీ ఒక్క పనిలో కుదిరాయని మట్టి సారు ఒక శనివారం క్లాసులో నా పథకాన్ని అందరికీ చూపించారు. అంతమంది అవునన్న పని నా బతుకులో అదొక్కటే.

మొక్కల మేడం అదే శనివారం పొద్దున క్లాసులో, సీమతుమ్మ కాయ తియ్యగా ఉంటుందనీ, పశువులు ఇష్టంగా తింటాయనీ, గింజ మాత్రం కడుపులో అరగదనీ, పైగా ఆ కడుపు వేడికి పెంకు మెత్తబడి పెంటలో పడ్డాక ఇంకా చురుగ్గా మొలుస్తుందనీ చెప్పారు. మధ్యాహ్నం మట్టి సారు మంద ఎరువు గొప్పతనం చెప్పారు. ఆ రెండు క్లాసుల మధ్యలో మేమంతా టీ తాగడానికి మెట్లు దిగి వెళ్ళాం. శాస్త్రాలన్నిటినీ కలిపి చదవడానికి చేరిన మాకు ఆ రెండు మాటలు మాత్రం కలవలేదు.

పురట్టాసి నెల చివర, అంటే అక్టోబరులో, వాన పడింది. మినుములు చల్లి దున్నాం. మొలక వచ్చిన రోజు గట్టు మీద నిలబడితే చేనంతా పచ్చగా కనిపించింది, నాయన చెప్పులు విడిచి చేనులోకి దిగాడు. ఆ శనివారం తోటి విద్యార్థులు చూడడానికి వచ్చారు. గట్టు వెంట నడుస్తుంటే పచ్చదనం అంతటా ఒకే రంగులో లేదని నాకే ముందు అనిపించింది. కొన్నిచోట్ల దట్టంగా, కొలిచి గీసినట్టు చదరాలు చదరాలుగా ఉంది. దడి ఎక్కడెక్కడ వేశారో అక్కడక్కడే. వంగి చూస్తే మినుము మొలకల మధ్య సన్నని ఈనెల ఆకులు, వాటి కింద అప్పుడే గట్టిపడుతున్న ముల్లు. ఎండాకాలమంతా గొర్రెలు రోడ్డు పక్కన తిన్న కాయలన్నీ మా చేనులో మొలిచాయి. శివకాశి అక్క నా భుజం తట్టి, "తమ్ముడా, నువ్వు మినుములు చల్లినావు, నీ గొర్లు ముల్లు చల్లినాయి. పోటీకి నీ కన్నా గొర్లే బాగా పడిచ్చినాయి!" అంది. అందరూ నవ్వారు, నవ్వుతూనే చెప్పులు విడిచి చేనులోకి దిగారు.

చీకటి పడేదాకా పీకాం. తడి మట్టిలో చిన్న మొక్క వేరుతో సహా వచ్చేస్తుంది, ఇంకో రెండు మూడు సెలవు రోజులు దొరికితే గెలిచేవాళ్ళమే. కానీ మళ్ళీ వాన పట్టుకుంది. తడిసిన నల్లరేగడిలో అడుగు పెడితే కాలు ఒకటి, దానికి అంటుకున్న మట్టి నాలుగింతలు, లోపలికి పోవడానికి వీల్లేదు. సాళ్ళలో కాకుండా చల్లి విత్తినందువల్ల మధ్యలో నాగలి తోలే దారీ లేదు. నేను విరుదునగర్ నుంచి రోజూ సాయంత్రం బస్సెక్కి వచ్చి, గట్టు మీద ఆ చివరికీ ఈ చివరికీ నడిచి, చేతులు కట్టుకుని పెరుగుతున్న ముల్లును చూసి, మళ్ళీ బస్సెక్కి పోయేవాణ్ణి. నేల ఆరేసరికి తుమ్మ మినుము తల మీదికి ఎక్కింది.

ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. చిన్నాయన కూడా ఆ వారమంతా అరుగు మీద కూర్చోలేదు. "గొర్లది ఏం తప్పు? ఆకలయ్యింది, తినినాయి" అని మాత్రం నాయన అన్నాడు, అని కంపెనీ మనిషికి కబురు పంపాడు. అవ్వ మాట ప్రకారం నోరు తెరవలేదు. కాలేజీలో నా పథకానికి మంచి మార్కులే వచ్చాయి. పొరపాటును అన్ని శాస్త్రాల వైపు నుంచీ చక్కగా వివరించానట.

భూమి ఇచ్చిన ఇంటికి ఒక ఉద్యోగం అన్నారు కాబట్టి మా చేనులోనే నేనిప్పుడు పలకలు తుడిపిస్తూ, తీగలు సరిచూస్తూ తిరుగుతున్నాను. కోవిల్‌పట్టి మేడ మీద ఆ గదుల్లో ఇప్పుడు పోటీపరీక్షల కోచింగ్ నడుస్తోంది, కోర్సు ఆగిపోయింది, కింద మిఠాయి పొయ్యి స్థానంలో గ్యాసు వచ్చి వాసన మెట్ల దాకా రావడం లేదు. మట్టి సారు, మొక్కల మేడం ఒకే టీ బల్ల దగ్గర కూర్చునే చోటు ఈ చుట్టుపక్కల ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు. పలకల కింద నేల మాత్రం ఎండకు పాతరోజుల్లాగే బీటలు వారుతుంది, వానకు మళ్ళీ మూసుకుంటుంది.

కాపరికి చివరికి విషయం మొత్తం చెప్పాను. అతను గడ్డం గోక్కుని, ఎండుచొప్ప మీరు పడేస్తే కడుపులో పాత గింజలన్నీ పోయేదాకా మందను బయటే కట్టేస్తానన్నాడు. గేటు అవతల వేపచెట్టు కింద దడి వేయించి, చొప్పకు మనిషిని పంపించి వచ్చాను. పైవాళ్ళు ఫోనులో ఇంత ఆలస్యం ఎందుకని అడిగారు. కౌలు ముగిసి ఈ పలకలు ఊడదీసే నాటికి నాకు జుట్టు నెరిసి ఉంటుంది, ఆ రోజు ఇక్కడ విత్తేది ఎవరో, అసలు విత్తేవాళ్ళు ఉంటారో లేదో చెప్పలేను, అది వాళ్ళకు ఫోనులో చెప్పే కారణం కాదు. అవ్వకు ఇప్పుడు చూపు ఆనదు. రోజూ సాయంత్రం నా అడుగుల చప్పుడు విని, తిన్నావా అని కాదు, "ముల్లు పీకినావా?" అని అడుగుతుంది. ఈ రోజు పీకలేదవ్వా, గేటు బయటే ఆపినాను అని చెప్పాలి.