ఒకే రొట్టె కంపెనీ

సైన్యంలో సుబేదారుగా రిటైరై గోడౌన్ల సెక్యూరిటీకి సూపర్‌వైజరైనా, ఆయన నోట "మా కంపెనీలో..." అనే ఊతపదం పోలేదు. ఆ రోజు పొద్దున క్యారేజీ సర్దుతూ, టీచరు పని చేసే కోడలు నవ్వింది.

"మామయ్యా, అసలు కంపెనీ అంటే ఏమిటో తెలుసా? లాటిన్ మాటట. ఒకే రొట్టె పంచుకు తినేవాళ్ళని అర్థం. సైనికుల జట్టుకి ఆ పేరు తర్వాత వచ్చిందట."

"నాకే చెబుతున్నావా! కాపలావాడు దిగి వచ్చేదాకా మాలో ఎవడూ కంచం ముట్టేవాడు కాదమ్మా," అని మీసం దువ్వాడు గానీ, నిన్నటి సంగతి గుర్తొచ్చి చెయ్యి దించేశాడు.

ఇప్పుడు గోడౌను గేటు దగ్గర నిలబడే పొడుగాయన ఆ కంపెనీవాడే. సైన్యంలో ఉన్నప్పుడు కాపలా దిగి వచ్చి, "జరుగు బావా, ఆకలి దంచేస్తోంది" అంటూ పక్కన కూలబడేవాడు. అతనికి ఈ ఉద్యోగం ఇప్పించింది తనే. డ్యూటీలో తిండేమిటని నిన్న పదిమందిలో గడ్డి పెట్టిందీ తనే. తను మాత్రం రోజూ గదిలో ఫ్యాను కింద, గడియ పెట్టుకుని మరీ తింటాడు.

మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని గేటు దగ్గరికి నడిచాడు. పొడుగాయన గోడవైపు తిరిగి గబగబా నములుతున్నాడు. అడుగుల చప్పుడుకు ఉలిక్కిపడి, డబ్బా వీపు వెనక దాచి, బిగుసుకుని నిలబడ్డాడు.

"కలిసి తిందాం రా, బావా."

పొడుగాయన నోట్లో ముద్ద మింగలేక మింగి సెల్యూట్ కొట్టాడు.

"తినడం లేదు సార్."