నీళ్ళక్క చూపించిన నేల

డంపింగ్ యార్డులో ఆమెను అందరూ నీళ్ళక్క అనేవాళ్ళు. ఊరి చెత్తంతా వచ్చి పడే ఆ దిబ్బల మీద ఎక్కడ పొగ లేస్తే అక్కడికి పైపు లాక్కెళ్ళి తడపడమే ఆమె పని. పదహారేళ్ళుగా అదే ఉద్యోగం. మనిషి మాత్రం పుట్టు పిరికిది. ఫోను మోగితే ఉలిక్కిపడేది. ఆఫీసు నుంచి కాగితం వస్తే చదవకముందే ముచ్చెమటలు పోసేవి. ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టే ఆమె భర్త, వచ్చినవాళ్ళతో "కాస్త మెల్లగా తుమ్మండి, మా ఆవిడ లోపలుంది" అనేవాడు.

అంత పిరికి మనిషికి నిప్పుతో పనేమిటని అందరూ నవ్వేవాళ్ళు. చేరిన ఏడాదే ఆమె కళ్ళ ముందు ఒక బుల్డోజర్ నేలలోకి దిగబడింది. పైన చూస్తే ఎండిన మట్టి. కింద చెత్త నెలల తరబడి లోలోపలే కాలి, బూడిదై, గుల్లయిపోయి ఉంది. డ్రైవరు దూకి ప్రాణాలు దక్కించుకున్నాడు గానీ మోకాలి దాకా కాలింది. అతని కేక ఆమె చెవుల్లోంచి పోలేదు. అప్పట్నుంచీ పొడవాటి ఇనుప చువ్వ లేకుండా ఆమె దిబ్బ ఎక్కలేదు. చువ్వ గుచ్చి, గట్టిగా తగిలితేనే కాలు మోపేది.

ఇలా ఉండగా చుట్టుపక్కల నాలుగు మున్సిపాలిటీలు కలిసి ఒకే చెత్త శుద్ధి ప్లాంటు కట్టించుకోవాలని తీర్మానించాయి. విడివిడిగా కట్టుకోవడం ఏ ఊరి వల్లా కాలేదు. నాలుగింటి తరఫునా ఒకే టెండరు పిలిచారు. స్థలం ఈ యార్డులోనే, తూర్పు వైపు, మట్టి పోసి చదును చేసిన చోట. కాగితాల్లో దాన్ని గట్టి నేల అని రాశారట. ఆ మాట వినగానే నీళ్ళక్క నేరుగా ఆఫీసు గదికి వెళ్ళింది. లోపల ఎక్కువగా కాలుతున్నది తూర్పు వైపే.

"సార్, అక్కడ కింద నిప్పుంది కదా?" అంది సూపర్‌వైజర్‌తో, గొంతు తగ్గించి.

"అక్కా, నీకు దణ్ణం పెడతాను, ఆ మాట ఇంకెక్కడా అనకు. ఈ స్థలం కాదంటే ప్లాంటు పక్క ఊరికి పోతుంది, చెత్తా అక్కడికే పోతుంది. అప్పుడు నువ్వూ నేనూ ఇంట్లో కూర్చోవడమే. గురువారం నాలుగు ఊళ్ళ ఇంజనీర్లూ, టెండరు వేసే కంపెనీలవాళ్ళూ చూడ్డానికొస్తున్నారు. అప్పటిదాకా బాగా తడుపు. పొగ కనపడకూడదు, అంతే."

మూడు రోజులు తడిపింది. పొగ అణిగింది. ఆమెకు భయం రెట్టింపైంది. పొగ ఉంటే కనీసం ఎక్కడ కాలుతోందో తెలిసేది. ఇప్పుడు నేలంతా ఒక్కలాగే, ఏమీ ఎరగనట్టు పడి ఉంది. ఇంటికొచ్చి కంచం పక్కకు నెట్టేసింది.

"ఏమైందే? రెండు రోజుల్నుంచి అదోలా ఉన్నావు," అన్నాడు భర్త.

చెప్పింది. ఆయన ఈసారి హాస్యమాడలేదు.

"చెప్తే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే?"

"ఎవరో ఒకరు పోతారు."

"నీ ఇష్టం," అని ఆయన సూదిలో దారం ఎక్కించుకున్నాడు. దాంతో ఆమెకు ఉన్న కాస్త ధైర్యమూ జారిపోయింది.

గురువారం పదిహేను మంది దాకా వచ్చారు. నీళ్ళక్కను కుళాయి దగ్గరే ఉండమన్నారు. పక్క ఊరి నుంచి వచ్చిన ఇంజనీరమ్మ చేతిలో పటం విప్పుకుని, అందులోనే చూపు పెట్టి, ప్లాంటు హద్దుకు గుర్తుగా పాతిన ఎర్ర జెండా వైపు నడుస్తోంది. నీళ్ళక్క చూపు జెండా దగ్గర ఆగిపోయింది. పొద్దున తడిపిన నేలంతా ఇంకా నల్లగా చెమ్మగా ఉంది. జెండా చుట్టూ, ఒక గదంత మేర మాత్రం, తెల్లగా ఆరిపోయి ఉంది.

ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. సూపర్‌వైజర్ ఆమె వంకే కళ్ళెర్రజేసి చూస్తున్నాడు. అయినా చువ్వ పట్టుకుని పరుగెత్తి, ఇంజనీరమ్మ మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగేసింది.

"వద్దు మేడమ్! అక్కడ నేల లేదు!"

"నేల లేకపోవడమేంటమ్మా?" అని వెనక ఎవరో నవ్వారు.

నీళ్ళక్క ఉన్నచోటి నుంచే చెయ్యి చాచి చువ్వ గుచ్చింది. అది పిడికిలి దాకా సునాయాసంగా దిగిపోయింది. పైకి లాగి తడి మట్టికి ఆనిస్తే చుయ్‌మంది. ఆ కన్నంలోంచి కమురు కంపు, దాని వెంట పొగ. అందరూ చూస్తుండగానే జెండా కర్ర ఒక పక్కకు ఒరిగి, సగం దాకా లోపలికి దిగబడింది. పదిహేను మందీ ఒక్కసారిగా తమ కాళ్ళ కిందికి చూసుకున్నారు.

"అబ్బే, ఈవిడ ఉత్త పిరికిదండీ, చీమను చూసినా..." అంటూ సూపర్‌వైజర్ అందుకోబోయాడు.

"మీరు కాసేపు ఊరుకోండి," అంది ఇంజనీరమ్మ. ఆవిడ పటం మడిచేసింది. "ఇంకా ఎక్కడెక్కడుందమ్మా?"

"చూపిస్తాను. నా వెనకే రండి. నేను కాలు పెట్టిన చోటే పెట్టండి."

అంత పెద్ద ఆఫీసర్లు పిల్లల్లా ఒకరి వెనక ఒకరు నడిచారు. సాయంత్రానికి సున్నంతో పదకొండు చోట్ల గుర్తులు పెట్టారు.

పది రోజుల తర్వాత నాలుగు మున్సిపాలిటీల ఉమ్మడి కమిటీ ఆమెను పిలిపించింది. ఆ హాలు, ఆ మైకు చూశాక దిబ్బే నయమనిపించింది. "నాకు లెక్కలు తెలీవండీ. తడిపిన నేల ఎక్కడ ముందు ఆరిపోతే అక్కడ కింద నిప్పుంటుంది, అంతే తెలుసు," అని కూర్చుంది. ఆ మాత్రం అనడానికే రెండు గ్లాసుల నీళ్ళు తాగింది.

ఆ టెండరు రద్దయింది. సూపర్‌వైజర్ అన్నట్టే ప్లాంటు పక్క ఊరికి పోయింది. యార్డులో తొమ్మిది మందికి పని పోయింది, ఆమెతో సహా. కొందరు దారిలో కనపడితే మొహం తిప్పుకునేవాళ్ళు. ఎవరైనా వచ్చి గొడవ చేస్తారేమోనని ఐదు నెలలు ఆమె వచ్చిందెవరో తెలిస్తే గానీ వీధి తలుపు గడియ తియ్యకుండా, భర్త పక్కన గుండీలు కుట్టుకుంటూ గడిపింది.

చివరికి నాలుగు ఊళ్ళూ కలిసి పాత దిబ్బను తవ్వి నిప్పు ఆర్పించే పని మొదలుపెట్టాయి. యంత్రాలకు దారి చూపడానికి ఎవరు కావాలని అడిగితే, ఇంజనీరమ్మ ఈమెనే చెప్పింది. మొదటి రోజు ఆమె చువ్వ పట్టుకుని ముందు నడిచింది. వెనక తవ్వే యంత్రం మీది డ్రైవరు కుర్రవాడేమీ కాదు, నెరిసిన మీసాలవాడు. అయినా అతనూ భయంగానే యంత్రం ఆపి అడిగాడు.

"అక్కా, ఇక్కడ పర్లేదా?"

"తెలీదు అన్నయ్యా. ఆగు, చూసి చెప్తాను."