నాలుగు సాంచాల ఇంటికి పన్ను కొలత

పద్మక్క మా పెద్దనాన్న కూతురు. సిరిసిల్లలో బావతో కలిసి ఇంటి ముందు గదిలో నాలుగు సాంచాలు నడిపిస్తుంది. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో ఒక సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. "ఇల్లంత సాంచాల షెడ్డే, యాపారం పన్ను కట్టాలె అని మున్సిపాలిటోళ్లు నోటీసు ఇచ్చిన్రు తమ్మీ. రేపు మూడు గంటలకు కొలువనీకి అస్తరట. గిదే ఖాయమైతే ఒక సాంచా అమ్ముకునుడే. మీ బావకు ఆఫీసోళ్లంటె భయం. నువ్వు రా." నిజానికి తప్పు సగం అక్కావాళ్లదే. సాంచాల కరెంటుకు రాయితీ ఉంది కదా అని వెనక గది బల్బు, ఫ్యాను కూడా ఆ మీటరుకే కలిపేశారు. ఉన్న ఒక్క మీటరూ సాంచాలదే కావడంతో మున్సిపాలిటీ కాగితంలో ఇల్లు మాయమైంది.

మర్నాడు జగిత్యాలలో ఏడింటి బస్సెక్కి, పద్దెనిమిది రూపాయల టికెట్టుతో ఎనిమిదికల్లా కోరుట్లలో దిగాను. అక్కావాళ్లకు ఆ ఇల్లు అమ్మిన ఖాదర్ భాయి ఇప్పుడు అక్కడ దర్జీ కొట్టు నడుపుతున్నాడు. ఇల్లు అమ్మినా పాత పన్ను రసీదులు ఆయన దగ్గరే ఉండిపోయాయి. మా వైపు చాలామందికి ఇంటికి రుజువు పన్ను రసీదే, ఎవరూ చింపి పారేయరు. ఇనుప తీగకు గుచ్చి గోడకు వేలాడదీసిన కట్టలోంచి ఆయన ఒకటి లాగి ఇచ్చాడు. రెండు గదులూ నివాసమని అందులో ఉంది. "జల్దీ పో భాయ్. రుద్రంగి కాడ రోడ్డు బంద్ పెడ్తరంటున్రు," అన్నాడు.

వేములవాడ బస్సు రుద్రంగి మీదుగానే పోతుంది. ఆయన అన్నట్టే పదిన్నరకు అక్కడ ఆగిపోయింది. ఉద్యమకారులు రోడ్డు నడుమ పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. గంటె తిప్పుతున్న ఒకావిడను బస్సు ఎప్పుడు వదులుతారని అడిగాను.

"అన్నం ఉడకాలె, అందరు తినాలె, గప్పుడు. నువ్వు గిట్ల కూసో."

"మూడింటికి సిరిసిల్లల ఉండాలె అక్కా. ఇంటి పన్ను పని."

"రాష్ట్రం అచ్చినంక పన్నులు తక్కువైతయేమో తియ్," అని నవ్వి విస్తరాకు చేతికిచ్చింది. పప్పన్నం బాగుంది కానీ నా కళ్లు గడియారం మీదే ఉన్నాయి. ఒంటిగంటన్నరకు బస్సు కదిలింది. వేములవాడలో దిగి, పది రూపాయల షేర్ ఆటోలో సిరిసిల్ల చేరేసరికి మూడు దాటి పది నిమిషాలైంది.

బిల్ కలెక్టర్ అప్పటికే టేపు పట్టుకుని ముందు గదిలో ఉన్నాడు. చట్టం ఇంటి విస్తీర్ణం, కట్టడం, వయసు, వాడకం చూసి పన్ను వేస్తుంది. వాడకం దగ్గర ఆయన ఫారంలో ఉన్నవి రెండే గడులు: నివాసం, వ్యాపారం. మానేరు వాగు అవతలి తంగళ్ళపల్లి పంచాయతీ కాబట్టి అక్కడి లెక్క వేరు, సిరిసిల్లలో మాత్రం ఇదే. నేనిచ్చిన రసీదు చదివి, వెనక గది చూపించమన్నాడు. తలుపు తీస్తే నిండా నూలు కట్టలే, మంచం కూడా లేదు.

"ఇందుల ఎవలు పంటరమ్మా?" అన్నాడు.

"నూలు, సారూ. ముందటి రేకులు కురుస్తయి. నూలు తడిస్తె ఖరాబైతది, మేం తడిస్తె ఆరుతం," అంది అక్క. ఆ ఒక్కసారి అబద్ధమాడితే బాగుండేదని నాకు ఒళ్లు మండింది. ఆమె అక్కడితో ఆగక సాంచాల సందులో చుట్టిపెట్టిన చాపలు కూడా చూపించింది. "మేమిద్దరం, పిల్లలిద్దరు గీడనే పంటం."

ఆయన ఫారం మీద పెన్ను పెట్టాడు. "సాంచాలున్న కాడ ఇల్లని రాయరాదమ్మా. లేని కాడ రాస్త," అని వెనక గదిని నివాసమనీ, ముందు గదిని వ్యాపారమనీ రాశాడు. సాంచా అమ్మే పని తప్పింది. బావ అప్పుడు సాంచాల చాటు నుంచి బయటికొచ్చి చాయ్ తెమ్మన్నాడు.

తిరుగు బస్సులో ఆ బిల్ కలెక్టర్ మీద నాకు కోపం రాలేదు. ఉన్న రెండు గడుల్లో అతను చేయగలిగిన మేలు చేశాడు. ఈ దారిలో ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: పాత పన్ను రసీదు వెంట పెట్టుకుని, ఒక రోజు ముందే ఊరు చేరుకోండి. అక్కావాళ్లు ఇప్పుడు రెండు రకాల పన్నూ సరిగ్గా కడుతున్నారు. ఇల్లని రాసిన గదిలో నూలు పొడిగా ఉంటుంది. వ్యాపారమని రాసిన గదిలో, వాన పడితే, పిల్లలు చాపలు జరుపుకుంటూ పడుకుంటారు.