బ్రెడ్డుతో కుదరని వైను

"ఏం వంట?" అని అడగకుండా మా మామయ్య ఎవరికీ సీసా అమ్మేవాడు కాదు. ఊరివాళ్లు ఆయన అసలు పేరు మరిచిపోయి ఏంవంట అనే పిలిచేవారు. ఆయనా పలికేవాడు.

కొండవాలున ద్రాక్షతోట, దాని కింద పీపాల గది, వీధివైపు దుకాణం. యజమాని అమ్మ. మామయ్య ఆమె తమ్ముడు. సీసాలకు లేబుళ్లు అంటించేది నేను. మేం చేసే ఎర్ర వైన్లు మూడే: పలుచనిది, నడిమిది, నల్లనిది.

పలుచనిది కోడిమాంసంతో, చేపతోనూ సర్దుకుపోతుంది. నడిమిదానిలో కాస్త పులుపు ఉంది, దానికి టమాటా, పుట్టగొడుగులు జత. నల్లనిది ఓక్ చెక్క పీపాలో ఏళ్లు గడుపుతుంది. వట్టిగా తాగితే వగరుకి నాలుక గరుకెక్కుతుంది. సన్నసెగ మీద ఉడికిన గొర్రెమాంసం కొవ్వు తగిలితే ఆ వగరు మెత్తబడుతుంది. ఇదంతా నేను మామయ్య కోటు జేబుల్లోంచి తిని నేర్చుకున్నాను. ఎడమ జేబులో జున్ను, కుడి జేబులో అక్రోట్లు, చలికాలమైతే పై జేబులో వేయించిన పుట్టగొడుగు. ఇస్త్రీ అతను ఆ కోటు ముట్టుకోవడం మానేశాడు.

పళ్ల డాక్టరు పన్ను పీకి, "ఇవాళంతా మెత్తటివే తినండి" అంటే, మామయ్య నోట్లో దూదితోనే "అయితే పలుచనిదే" అన్నాడట. ఒక పెళ్లిలో పెళ్లికొడుకు తండ్రి నల్లనిది గ్లాసుల్లో పోయబోతుంటే, సీసా అందుకుని ఒళ్లో పెట్టుకు కూర్చున్నాడు.

"ఏమయ్యా, అది మేం కొన్న సీసా."

"కాదన్నానా? మాంసం రానీండి."

దుకాణంలోనూ వంట కుదరలేదని మామయ్య తిప్పి పంపితే ఉత్త చేతులతో వెళ్లేవాళ్లు ఎక్కువయ్యారు. చివరికి అమ్మ తేల్చి చెప్పింది.

"ఇంకొక్కరిని తిప్పి పంపావంటే, కిందికెళ్లి పీపాలు కడుక్కో."

"అలాగే అక్కా."

"మాటేనా?"

"మాటే. ఇవాళ ఏం వంట?"

పీపాల గదిలో మామయ్యను నేను ఊహించలేకపోయాను. పీపాలు ఏం వంటో చెప్పవు.

మర్నాడే దర్జీగారు వచ్చారు.

"నల్లది ఒకటివ్వండి."

"ఏం వంట?"

"వంటేముందండీ. బ్రెడ్డు."

"బ్రెడ్డుతో ఇంకేంటి?"

"కత్తి."

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేనూ, కుట్టుమిషనూ."

మామయ్య సీసా వెనక్కి లాక్కున్నాడు. "బ్రెడ్డుతో ఇది కుదరదండీ. గొర్రెమాంసం ఉండాల్సిందే. ఆదివారం మా ఇంట్లో ఉడుకుతుంది. మధ్యాహ్నం రండి, సీసా అక్కడే తెరుద్దాం."

దర్జీగారు ఉత్త చేతులతో వెళ్లారు. అమ్మ మెట్ల మీద నిలబడి ఉంది.

"రేపట్నుంచి పీపాలు" అంది.

నాకు మాత్రం వేరే అనుమానం వచ్చింది. నల్లనిదాన్ని నేనెప్పుడూ బ్రెడ్డుతో రుచి చూడలేదు. సాయంత్రం ఒక ముక్క కోసుకుని, గ్లాసులో కొంచెం పోసుకున్నాను. నమిలాను, తాగాను. మాడిన అంచు చేదు, వైను వగరు పాత స్నేహితుల్లా పక్కపక్కన కూర్చున్నాయి. మళ్లీ చూశాను. అంతే బాగుంది.

వంటింటి గుమ్మంలో మామయ్య రబ్బరు బూట్లు తొడిగి చూసుకుంటున్నాడు.

"మామయ్యా, బ్రెడ్డుతో బ్రహ్మాండంగా ఉంది."

"మెల్లిగా మాట్లాడు. మీ అమ్మ పక్క గదిలోనే ఉంది."

"నీకు ముందే తెలుసా?"

"బ్రెడ్డుతో కుదరని ఎర్ర వైను ఎక్కడుందే?"

అప్పుడు మా ఇంట్లో ఆదివారం భోజనాల బల్ల గుర్తొచ్చింది. గడియారాలు బాగుచేసే ఆయన, పియానో టీచరు, రిటైరైన బస్సు డ్రైవరు. వైను పరీక్షకు పిలిచానని మామయ్య అనేవాడు. వాళ్లకు ఏళ్లుగా నేనే వడ్డించాను. ఇంటి దగ్గర వాళ్లంతా ఎవరితో తింటారో అడగాలని నాకెప్పుడూ తోచలేదు.

పొద్దున చూస్తే బ్రెడ్డు నేను కోసినదానికంటే పొట్టిగా ఉంది. నల్లనిది కూడా కొంచెం తగ్గింది.

మామయ్య బూట్లు ఈడ్చుకుంటూ కిందికి వెళ్లాడు. కౌంటరు దగ్గర అమ్మ కూర్చుంది. ఆసుపత్రి నర్సు ఒకావిడ వచ్చి నల్లనిది అడిగింది. అమ్మ సీసా తీసి కాగితంలో చుట్టబోయి, ఆగింది.

"ఏం వంటమ్మా?"

"ఒక్కదాన్నే కదండీ. ఏదో, బ్రెడ్డు."

అమ్మ సీసాను మళ్లీ అరలో పెట్టేసింది. "బ్రెడ్డుతో ఇది అస్సలు కుదరదు. ఆదివారం మా ఇంటికి రా."

తర్వాత మెట్ల వైపు తిరిగి కేకేసింది. "ఒరేయ్, బూట్లు విప్పి పైకి రా. ఆదివారానికి మాంసం ఎంత చెప్పమంటావ్?"

పీపాల మధ్య నుంచి జవాబు వచ్చింది. "దర్జీగారిని కలుపుకున్నావా అక్కా?"