వదులుకున్న రెండో బేరం

చిలకలూరిపేటలో ఇళ్లు అమ్మిపెట్టడం నా పని. ఇన్నేళ్లలో నా మీద నాకే ఒళ్లు మండిన బేరం ఒకటుంది.

స్పిన్నింగు మిల్లులో ఫోర్‌మన్ ఒకాయన ఇంటి అప్పు కట్టలేక చేతులెత్తేశాడు. ఇల్లు అమ్మినా అప్పు తీరదు. చివరికి బ్యాంకువాళ్లే మెత్తబడి, నెలలోపు ఇల్లమ్మి వచ్చిందంతా కట్టేస్తే మిగతాది మాఫీ చేస్తామన్నారు. గడువు దాటితే మాత్రం, హామీగా పెట్టిన వాళ్లక్క మిరప చేను కూడా వేలానికి పోతుంది. ఆ రెండెకరాలు తప్ప ఆవిడకి ఇంకేమీ లేదు.

రెండు బేరాలొచ్చాయి. ఒకరు రిటైరైన మాస్టారు. రెండోవారు పత్తి వ్యాపారం చేసే సాయిబుగారు. ఆయన లక్ష తక్కువ చెప్పారు గానీ, "డబ్బు రెడీగా ఉందండీ, రేపు రమ్మంటే రేపే వస్తా" అన్నారు. లక్ష ఎక్కువ కనబడేసరికి నా బుద్ధి గడ్డి తింది. మాస్టారి కాగితం ఒక్కటే బ్యాంకుకి పట్టుకెళ్లాను. సాయిబుగారికి, "అయిపోయిందండీ, ఇంకోటి చూపిస్తాలెండి" అని ఫోన్లోనే చెప్పేశాను.

ఆ ధరకి బ్యాంకు ఒప్పుకునేసరికి మూడు వారాలు పోయాయి. తీరా రిజిస్ట్రేషన్‌కి రమ్మంటే మాస్టారు, "రేపట్నించీ మూఢమండీ! మూఢంలో ఇల్లు కొంటారా ఎవరైనా? నెల్లాళ్లకి అది వెళ్లాక చూద్దాం" అన్నారు. కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ, అంతగా బతిమాలాను. ఊఁహూఁ! నా కుర్చీ వెనకే పంచాంగం క్యాలెండరు వేలాడుతోంది. ముందే ఒక్కసారి తల తిప్పి చూసుంటే నా సొమ్మేం పోయేది?

సాయిబుగారికి మూఢంతో పనే లేదు. పరుగున వెళ్లాను. "అయిపోయిందని మీరేగా అన్నారు? మొన్నే తాడేపల్లిలో ఒకటి తీసుకున్నానండీ" అన్నారు.

ఇప్పుడు ఎన్ని బేరాలొస్తే అన్నీ రాయించి బ్యాంకు ముందు పెడుతున్నాను. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా రెండోవాళ్లని కదలనివ్వను. ఎవరికి లాభం, ఆ రోజు లేని తెలివి!

గడువు దాటి నోటీసు వచ్చింది. ఫోర్‌మన్ నన్ను ఒక్క మాటా అనలేదు. "అక్కకి చెప్పే ధైర్యం నాకు లేదన్నా, మీరే చెప్పండి" అన్నాడు.

దర్శి దగ్గర ఆవిడ ఊరు. నేను వెళ్లేసరికి చేలో కాయ కోస్తోంది. ఇల్లు బేరానికి పెట్టినప్పుడు తమ్ముడింట్లో చూసిన గుర్తుతో, నన్ను చూడగానే మొహం విప్పారింది. "ఇల్లు అమ్ముడుపోయిందా అన్నా? తమ్ముడు గట్టెక్కాడా?" అంది. నేను నోరు తెరిచేలోపే ఒళ్లోని పండుమిరపకాయలన్నీ నా చేతిసంచిలో పోసి, "మా చేను నిలబెట్టారు, పచ్చడి పెట్టించుకోండి" అంది.

సంచి కింద పెట్టాను. అప్పుడు చెప్పాను.