ఎండకు అడ్డంపెట్టిన ఫైలు

బొమ్మసంద్ర నుంచి బెళ్ళందూరు వచ్చే బస్సులో, మాస్కు పెట్టుకున్న ఆరేళ్ళ మా పాప మీద ఎండ పడకుండా ఆస్పత్రి ఫైలును కిటికీకి అడ్డంపెట్టి కూర్చున్నాను. పాపకు రక్త క్యాన్సర్. ఇందాక ఆస్పత్రిలో డాక్టరు చెప్పిన మాటకు నాకు ఒళ్ళు మండిపోతోంది. విటమిన్ డి బాగా తక్కువగా ఉందట. ఇన్ఫెక్షన్ భయంతో, ఎండ తగలకూడదని ఎనిమిది నెలలుగా గది కర్టెన్లు కూడా తీయకుండా కాపాడుకుంటున్నాం. ఇంకేం చేయాలి?

పక్కన కరివేపాకు మూటతో కూర్చున్న పెద్దావిడ ఊరుకోలేదు.

"చెయ్యి నొప్పెడతా లేదాప్పా?"

"పాపకు ఎండ తగలకూడదండీ," విసుక్కున్నాను.

"ఎవురు చెప్పినారు? డాక్టరా?"

చెప్పింది మా అమ్మ, మా అత్త, పక్క ఫ్లాటావిడ.

"డాక్టరు మందు రాసి, రోజూ పొద్దున కాసేపు ఎండలో కూర్చోబెట్టమన్నారు. అయినా మీకెందుకండీ ఇవన్నీ?"

"ఆయప్ప రాసిన చీటీ యాడుండాది?"

"ఈ ఫైల్లోనే."

ఆవిడ కిటికీకి అడ్డంగా ఉన్న ఫైలు వైపు చూసి, మూట సర్దుకుంది. పాప మాత్రం ఫైలు కింద నుంచి దూరిన సన్నటి ఎండలో వేళ్ళు పెట్టి, తిప్పి తిప్పి చూసుకుంటోంది.

ఫైలు దించాను. చెయ్యి ఎంత నొప్పెడుతోందో అప్పుడు తెలిసింది.