సుద్ద గీత తుడిచిన చెయ్యి

మా మేస్త్రి పోయాడని కబురొచ్చినప్పుడు నేను చొక్కాకు గుండీ కుట్టుకుంటున్నాను. పక్క ఖోలీ గదిలో ఉండే ఆవిడ తలుపులో నిలబడి, "మీ మేస్త్రి తెల్లారంగ పాణం ఇడిచిండటనే" అంది. నేను దారం కొరికి, సూదిని దిండుకు గుచ్చాను. ఏడుపు వచ్చింది, కాకపోతే అది తర్వాత వచ్చింది. మొదట వచ్చింది వేరే. ఇన్నేళ్లుగా నా నోటికి వేసి ఉన్న ముడి ఊడింది అనుకున్నాను. తప్పే కావచ్చు. ఉన్నది చెబుతున్నాను.

"నేనున్నన్నొద్దులు ఆ సంగతి ఎవ్వలకు చెప్పకు తమ్మీ" అని ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆయన ఉన్నన్నాళ్లూ చెప్పలేదు. నేను ఆయన చేతి కింద పనివాణ్ణి, నాకు మాటలు తక్కువ, ఊళ్లో చదివింది అయిదు తరగతులు. అయినా ఇక్కడి మన తెలుగువాళ్ల సంఘం పత్రికలో ఆయన గురించి నాలుగు ముక్కలు రాస్తావా అని అడిగినప్పుడు సరేనన్నాను. ఈ పత్రిక ఎవరెవరి ఇళ్లకు పోతుందో నాకు తెలుసు. వాళ్లు చదవాలనే రాస్తున్నాను.

మేస్త్రి తాత ఈ నగరంలో గోడలు కట్టినవాడు. తండ్రి గోడలకు గిలాబు, అంటే సిమెంటు పూత, చేసినవాడు. మేస్త్రి కూడా వయసులో తాపీ పట్టాడు. తర్వాత ఒక గ్యారేజీలో కుదిరి, విదేశీ కార్ల పనిలోకి వచ్చాడు. గుద్దుకున్న కారుకు రేకు సరిచేసి రంగు వేశాక కూడా పని మిగిలే ఉంటుంది. చక్రాలు ఒకదానితో ఒకటి సరిగా ఉండాలి, హెడ్‌లైట్లు చూడవలసిన చోటే చూడాలి. పెద్ద వర్క్‌షాపుల్లో దానికి మిషన్లు ఉండేవి. మా మేస్త్రి దగ్గర తాత ఇచ్చిపోయిన నూలు గుండు, నీళ్ల గొట్టం, సుద్ద ముక్క ఉండేవి. గోడ నిటారు చూసే ఆ గుండుతోనే లక్షల ఖరీదు చేసే కార్లు దిద్దాడు. మిషన్ల దగ్గర సరిపడని బండ్లు కూడా మా గల్లీకి వచ్చేవి.

"రేకు మానుతది తమ్మీ, సూపు మానది. సూపు మనమే దిద్దాలె" అనేవాడు.

ఫాక్‌లాండ్ రోడ్డు వైపు ఒక గోడౌను గోడ ఉండేది. దాని ముందు కారు నిలిపి, నీళ్ల గొట్టంతో నేల మట్టం చూసేవాడు. కారుకు రెండు పక్కలా దారం లాగి కట్టి, చక్రం ముందు అంచుకు, వెనక అంచుకు ఎంత తేడా ఉందో అగ్గిపుల్లతో కొలిచేవాడు. పొద్దు గూకాక లైట్ల పని. గోడ మీద సుద్దతో అడ్డగీత గీసి, ఒక లైటుకు గోనెపట్టా కప్పి, రెండో దాని వెలుగు గీతకు రెండు వేళ్ల కింద పడేదాకా మర తిప్పేవాడు. పై అంతస్తు గ్యాలరీ నుంచి ఆడవాళ్లు కేకలేసేవాళ్లు.

"ఓ మేస్త్రీ, జర ఇటు తిప్పు, బియ్యం ఏరుకుంట."

"మీ ఇంటాయన మొకం కనవడతదే, వద్దుతియ్!" అనేవాడు మేస్త్రి, గోడ మీంచి చూపు తిప్పకుండా.

ఆయన ఎప్పుడూ ఖాళీ కారుకు లైట్లు పెట్టలేదు. "ఇసొంటి బండ్లల్ల మాలిక్ ముందట కూసోడు, ఎన్కకు కూసుంటడు. ఎన్క బరువుంటే ముందట లైటు ఆకాశం సూస్తది" అని యజమాని లావెంతో డ్రైవర్‌ని అడిగి, వెనక సీట్లో నన్ను కూర్చోబెట్టి, చాలకపోతే నా ఒళ్లో ఇసుక సంచి పెట్టేవాడు. "కదలకు తమ్మీ, నువ్వు శేఠ్‌వు." నా బతుకులో విదేశీ కారు వెనక సీట్లో కూర్చున్నది బరువుగానే.

ఇంకో పద్ధతి ఉండేది ఆయనకు. బండి చేతికి రాగానే ముందు అద్దం మీద సుద్దతో పెద్ద అడ్డగీత గీసేవాడు. అంటే ఇంకా ఇవ్వకూడదని. పని పూర్తయ్యాక భుజం మీది గుడ్డతో తనే తుడిచేవాడు. ఇంకెవరూ ముట్టకూడదు. గల్లీలో పిల్లలకు కూడా తెలుసు ఈ సంగతి. ఆ గీత ఉన్నంతసేపు యజమాని వచ్చి మొత్తుకున్నా బండి కదిలేది కాదు.

ఇక ఒట్టు సంగతి.

మేస్త్రికి ఒక బామ్మర్ది. మేస్త్రి భార్యను నేను అక్క అనేవాణ్ణి, ఆ అక్కకు సొంత తమ్ముడు. మేస్త్రి చేతి కింద పని నేర్చి, పెద్ద రోడ్డు మీద సొంత గ్యారేజీ పెట్టాడు. రేకు పని, రంగు పని అక్కడ. చివరి దిద్దుబాటుకు బండ్లను మా దగ్గరికి పంపేవాడు. మిల్లుల సమ్మె జరిగిన ఏడు, ఎడమ పక్క నుజ్జయితే సరిచేసిన ఒక కారు వచ్చింది. రంగు కొత్తగా మెరుస్తోంది. మేస్త్రి దాన్ని గల్లీలో నడిపి బ్రేకు వేశాడు. బండి ఒక్కసారి ఎడమకు లాగింది. కిందికి దూరి చూసి వచ్చాడు.

"ఇయ్యాల ఇయ్యొద్దు బామ్మర్ది. లోపల రాడ్ వంగింది. అది మారేదాంక దారం గట్టి ఫాయిదా లేదు."

"బావా, సాయంత్రం బారాత్ ఉంది. మాలిక్ మనిషి నా నెత్తిమీద నిలవడ్డడు."

"నడుసుకుంట పొమ్మను. పిలగాడు గుర్రం మీద పోతడు గదా, సుట్టాలకేం రోగం?"

గీత అద్దం మీద అలాగే ఉంది. మేస్త్రి నల్లా దగ్గర చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. బామ్మర్ది జేబులోంచి తెల్ల చేతిరుమాలు తీసి ఆ గీత తుడిచాడు. బండి బయటికి తీశాడు. తీస్తూ నన్ను చూశాడు. "నువ్వేం సూడలే" అన్నాడు.

నాకు మాటలు తక్కువని చెప్పాను కదా. ఆ రోజు ఒక్క మాట కావలసింది. మేస్త్రీ అని ఒక్క కేక వేస్తే నల్లా దగ్గరికి వినబడేది. వేయలేదు.

పొద్దు గూకే వేళ ఆ కారు, పని దిగి రోడ్డు ఎడమ అంచున నడిచి పోతున్న ఒక పాలమూరు కూలీ మీదికి పోయింది. మనిషి బతకలేదు. చేతిలో పార ఉందట, విడిచిపెట్టలేదట.

పోలీసుల ముందు బామ్మర్ది ఏమన్నాడంటే, "మేస్త్రి గీత తుడువంది నేను బండి ముట్ట. గల్లీల ఎవ్వల్నన్న అడుగుండ్రి." అడిగారు. అందరూ నిజమే చెప్పారు, గీత మేస్త్రి తప్ప ఇంకెవరూ తుడవరని. ఇన్నేళ్లు ఆయన ఏ పద్ధతితో పేరు తెచ్చుకున్నాడో, అదే పద్ధతి ఆయన మెడకు చుట్టుకుంది.

అక్క ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. "వాడు జైలుకు వోతే మా అమ్మ బతకది" అంది. ఒక్కసారే అంది. మేస్త్రి ఆమెను లేపి కూర్చోబెట్టాడు. ఆ తర్వాత నన్ను పిలిచి ఒట్టు వేయించుకున్నాడు. రెండు రోజులు లాకప్‌లో ఉన్నాడు. కేసు ఈడ్చి ఈడ్చి ఎటూ కాకుండా పోయింది. బండ్లు మాత్రం మళ్లీ రాలేదు.

అరవై ఏళ్ల మనిషి మళ్లీ వెదురు పరంజా ఎక్కాడు, గిలాబు పనికి; వెంట నేనూ పోయాను. కార్లు దిద్దిన గుండు గోడల దగ్గరికి తిరిగి వెళ్లింది. అక్కడ పని చేసేవాళ్లు పాలమూరు వాళ్లే. మొదట్లో ఆయనకు సిమెంటు తట్ట అందించేవారు కాదు, కింద పెట్టి పోయేవారు. "మనోన్ని మనోడే సంపె" అని వినబడేలా అనుకునేవారు. మధ్యాహ్నం వాళ్లు ఒక దిక్కు, ఆయన ఒక దిక్కు కూర్చుని తినేవారు. ఆయన ఒక్కరోజూ తలెత్తి జవాబు చెప్పలేదు. నేను చెప్పబోతే నా మోకాలు మీద చెయ్యి వేసి నొక్కేవాడు.

నేను ఊరుకోలేదు. నాకు చేతనైంది చేశాను. ఆ గ్యారేజీ ముందు నుంచి నడవడం మానేసి, ఇన్నేళ్లూ చుట్టూ తిరిగి పోయాను. బామ్మర్ది కొడుకు పెళ్లి కార్డు వస్తే పొయ్యి రాజేశాను. వాడి షటర్లు తుప్పు పట్టాలని, వాడు తాగే నీళ్లలో ఈగ పడాలని పోచమ్మకు మొక్కాను. షటర్లకు ఏడాదికోసారి రంగు వేయించేవాడు. మేస్త్రికి చెబితే నవ్వేవాడు. "నువ్వు శాపం వెడితే దోమ గూడ సావది తమ్మీ."

పోయిన వానాకాలం అక్క పోయింది. నెల కాగానే అడిగాను.

"ఇప్పుడన్న చెప్పనా మేస్త్రీ?"

"నన్ను గూడ పోనీయ్. అటెన్క నీ ఇష్టం."

అదే ఆయన నాకు ఇచ్చిన ఆస్తి.

మూడొద్దుల నాడు మసానంలో పిట్టకు పెట్టారు. ఆ రోజు కాకిని మనం కాకి అనం, పిట్ట అంటాం. పోయిన మనిషే వచ్చి ముడతాడని నమ్మకం. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయిందని. విస్తరాకులో అన్నం, మటన్ కూర, పక్కన మందు సీసా పెట్టి అందరం దూరం జరిగాం. మేస్త్రి కూతురు, గల్లీ వాళ్లు, పరంజా మీద ఆయనతో పని చేసిన పాలమూరు వాళ్లు ఉన్నారు. బామ్మర్ది తెల్ల కారులో వచ్చి, గేటు బయట ఆపి, అందరికంటే ముందు నిలబడ్డాడు.

పిట్ట గోడ మీద కూర్చుంది, దిగలేదు. కూతురు చేతులు జోడించి, "నాయినా, నా ఫికర్ వెట్టుకోకు" అంది. దిగలేదు. గల్లీ పెద్దమ్మ, "ఇంకెవ్వలన్న చెప్పుండ్రి, ఎండెక్కుతుంది" అంది.

అప్పుడు నేను మాట్లాడాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"బామ్మర్ది ఉన్నడు గదా. ఆయనను చెప్పమనుండ్రి."

"నేనేం చెప్పాలె?" అన్నాడు బామ్మర్ది.

"సుద్ద గీత తుడిసింది ఎవ్వలో చెప్పు."

"పాగల్ అయినవా? మసానంల పంచాతి పెడతవా?"

"పిట్ట ముడతలేదు."

అందరూ ఆయన కేసి తిరిగారు. పెద్దమ్మ అంది: "ఏందో చెప్పరాదు బిడ్డా. ఆకలితోని ఉన్నడు పెద్దమనిషి."

బామ్మర్ది గొంతు సవరించుకున్నాడు. "బావా, ఆ దినం ఇద్దరిది తప్పుండె..."

పిట్ట మొహం అటు తిప్పుకుంది. పాలమూరు వాళ్లలో ఎవరో ముక్కుతో నవ్వారు. "ఒప్పుకుంటలేదు పిట్ట. సక్కగ చెప్పు శేఠ్."

చెమట తుడుచుకోవడానికి జేబులోంచి రుమాలు తీశాడు. దాన్ని చూసి మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

"నేనే తుడిసిన. బావ ఇయ్యొద్దన్నడు. నేనే తుడిసి తీస్కపోయిన. పోలీసులకు అబద్దం చెప్పిన. బస్?"

బస్, ఇక చాలా అన్నది నన్ను చూసి. నేను తల దించలేదు. పాలమూరు వాళ్లలో అందరికంటే పెద్దవాడు నెత్తిమీది రుమాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు. అన్ని రోజులు తట్ట కింద పెట్టి పోయినవాడు అతనే.

ఇప్పుడు దిగుతుందనుకున్నాను. దిగలేదు. రెక్కలో ముక్కు పెట్టి గోక్కుంది.

అంతలో కూతురు నెత్తి కొట్టుకుంది. "అయ్యో, నాయినకు చాయ్ల పావ్ లేకుంటే తెల్లారదు గదా! మర్సేపోయినం." ఎవరో పరుగెత్తి ఇరానీ హోటల్ నుంచి తెచ్చారు. ఆమె పావ్ రొట్టెను చాయ్‌లో ముంచి ఆకులో పెట్టిందో లేదో, పిట్ట ఒక్క ఊపున దిగింది.

అంటే ఆయనకు కావలసింది అదే. బామ్మర్ది మాట ఆయనకు అక్కర్లేకపోవచ్చు. నాకు కావాలి. చనిపోయిన ఆ కూలీకి కావాలి. ఇన్నేళ్లు నేను దాచిపెట్టుకున్న కసి మంచిదని చెప్పను, చల్లారిందనీ చెప్పను. ఆ ఉదయం మేస్త్రికి కావలసింది మేస్త్రికి దొరికింది, నాది నాకు దొరికింది.

పిట్ట చాయ్ కారుతున్న పావ్ ముక్కను కరుచుకుని లేచి, గేటు బయట నిలిపిన తెల్ల కారు బానెట్ మీద వాలింది. డ్రైవర్ గుడ్డ ఎత్తి హుష్ అనబోతే పెద్దమ్మ అరిచింది: "ఏయ్, కొట్టకు! మేస్త్రి తింటున్నడు." డ్రైవర్ చెయ్యి దించాడు. బామ్మర్ది గేటు దాటి వచ్చాడు కానీ తలుపు తీయలేకపోయాడు. అందరూ చూస్తున్నారు. చివరికి చెప్పులు విడిచి, తన కారుకే చేతులు జోడించి ఎండలో నిలబడ్డాడు. పిట్టకు తొందర లేదు. పాలిష్ మీద చాయ్ చుక్కలు పడుతూ ఉంటే, ఒక్కో తునకా పీక్కుని నిదానంగా తిన్నది.